బతికున్నన్నాళ్లు

రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలామె, లోపలికి పోతున్న కొమురవ్వ కొంగు పట్టుకుని ఆపింది.

"అవ్వా, ఇల్లు ఎవలికి రాసిస్తున్నవ్?"

"నా బిడ్డకే."

"బతికున్నన్ని దినాలు గా ఇంట్ల నేనే ఉంట అని కాయితంల రాపిచ్చినవా?"

కొమురవ్వ కూతురి వైపు చూసింది.

పక్కనున్న నవతకు ఒళ్లు మండింది.

"నడిమిట్ల నువ్వెవరు? మా అవ్వను నేను ఎల్లగొడ్తనా?"

"ఎల్లగొడ్తవని అంటలేను బిడ్డా. ఒక్క మాటనే గదా, రాస్తె ఏం బోతది?"

"పైసల కోసం గిట్ల అందరి ఎంబడి పడ్తవా?" నవత పర్సులోంచి పది రూపాయలు తీసి ఆమె ఒళ్లో పడేసింది.

ముసలామె ఆ నోటును ముట్టుకోలేదు.

"లోపలి గడప ఎత్తుంటది. కాలు తాకుతది, పైలం అవ్వా," అని మాత్రం అంది.

"నా బిడ్డ అసొంటిది గాదు. గా ఇంట్లనే కన్ను మూస్తె సాలు నాకు," అంటూ కొమురవ్వ గడప దాటి వేలిముద్ర వేసింది.

ఏడాది తిరిగింది.

నవత అసొంటిది కాదు, నిజమే. కాకపోతే కరీంనగర్ నుంచి మాటిమాటికీ రాలేకపోయింది. తల్లి ఒకసారి స్నానాల గదిలో జారిపడింది. ఇంటికి మంచి బేరం తగిలింది.

నాలుగు రోజులు ఉండి పోదువు రమ్మని తల్లిని తన మూడో అంతస్తు ఫ్లాటుకు తెచ్చుకుంది. నాలుగు నెలలైంది. కొమురవ్వ తాళంచెవి కొంగుకు కట్టుకుని, ఇంటికెప్పుడు పోదామని రోజూ అడుగుతోంది.

ఈరోజు తల్లికి చెప్పకుండా అమ్మకం సంతకాలకు వచ్చింది నవత. మెట్ల మీద ముసలామె లేదు. బతికిపోయాననుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సంతకం పెట్టి బయటికి రాగానే ఫోన్ మోగింది.

"ఇయ్యాలన్న ఇంటికి పోదామా బిడ్డా?"

నవత ఫోన్ పెట్టేసింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

గేటు పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాసే కైలాసం దగ్గరికి నడిచింది.

"సారూ, మెట్ల మీద ఒక అవ్వ కూసుంటుండె..."

"పోయిన నెల సచ్చిపోయింది మేడం. గా మెట్ల మీదనే."

"ఆమెను బగ్గ తిట్టిన. మాఫీ అడుగుదామనుకున్న. ఎవరూ లేరా ఆమెకు?"

"ఎందుకు లేరు, బిడ్డున్నది. మంచిదే. ఈమెనే ఇల్లు బిడ్డకు రాసిచ్చుకుంట గా ఒక్క మాట రాపియ్యలే. బిడ్డ ఇల్లు కిరాయికిచ్చి, నాకాడికి రా అన్నది. ఈమె పోలే."

"కిరాయి ఎవరికిచ్చింది?"

కైలాసం ఆఫీసు వైపు చూశాడు.

"మీరు గిప్పుడు సంతకం పెట్టొచ్చింది ఆమె పండుకునే అర్రలనే మేడం."