ముప్పై కిలోల పిగ్వా కాయలు

"ఇక నా పని అయిపోయిందే," అంది గెనోవెఫా, దుప్పటి మెడదాకా లాక్కుంటూ. "నా నలేవ్కా రహస్యం ఒక్కరికే చెప్పి పోతాను. ఎవరికి చెప్పమంటారు?"

"నాకే అత్తయ్యా!" మంచానికి అటూ ఇటూ నిలబడ్డ కోడళ్లిద్దరూ ఒక్కసారే అన్నారు. మనిషి పోతోందన్న దిగులేమైనా ఉంటే అది తర్వాత చూసుకోవచ్చనుకున్నట్టున్నారు.

గెనోవెఫా చేసే నలేవ్కా, అంటే పిగ్వా పండ్ల మద్యం, అలాంటిది మరి. చర్చి తిరునాళ్లలో పందొమ్మిదేళ్లుగా మొదటి బహుమతి దానిదే. ఫాదర్‌గారు ప్రసంగమైనా మరిచిపోతారు గానీ, ఆ సీసా సంగతి మరిచిపోరు.

"పెద్దకోడల్ని. న్యాయంగా నాకే రావాలి," అంది బొజేనా.

"అవునవును. పోయినేడు నువ్వు చేసిన నలేవ్కాతో మా ఆయన సైకిల్ చెయిన్ తుడిచాడక్కా. తుప్పంతా వదిలిపోయింది," అంది చిన్నకోడలు ఇవోనా.

"కొట్టుకు చావకండి. వంటింట్లో కాయల బస్తా ఉంది. గింజలు తీసి ముక్కలు కొయ్యండి. ఎవరి పని శుభ్రంగా ఉంటే వాళ్లకే చెప్తాను."

ముప్పై కిలోలు. నిమ్మకాయంత కాయలు, రాళ్లలా ఉన్నాయి. ఒక్కోదాని కడుపులో గుప్పెడు గింజలు. కత్తులు జారాయి, వేళ్లు తెగాయి, తెగినచోట పులుపు దిగి ఇద్దరికీ కళ్లనీళ్లు ధారకట్టాయి. కిటికీలోంచి తొంగిచూసిన పొరుగావిడ, "ఏం కోడళ్లమ్మా! అత్త కోసం ఎలా ఏడుస్తున్నారో!" అని వీధంతా చెప్పుకొచ్చింది.

"ఒక్క గింజ మిగిలినా చేదెక్కుతుందే!" పడకగదిలోంచి కేక. ప్రాణం పోతున్న మనిషికి గొంతు మాత్రం పోలేదు.

సాయంత్రానికి జాడీలు నిండాయి. గెనోవెఫా ఇద్దరి జాడీల్లోంచీ చెరో ముక్క తెప్పించుకుని, అద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

"బొజేనా ముక్కలే బాగున్నాయి."

"నా వేళ్లు ఇలా అయ్యాక ఇప్పుడా చెప్పేది!" ఇవోనా కోటు తగిలించుకుని తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

బొజేనా పట్టీలు చుట్టిన చేతులతోనే మంచం పట్టె పట్టుకుని వంగింది. "చెప్పండత్తయ్యా. పంచదార, స్పిరిట్ అందరూ పోసేవే. మీరేం కలుపుతారు? తేనా? లవంగాలా?"

గెనోవెఫా దుప్పటి అవతలకి తన్నేసి, లేచి కూర్చుని, చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంది.

"తేనె లేదు, లవంగం లేదు. రహస్యమల్లా గింజలు తీసే రోజు మంచమెక్కడమే. పోయినేడు మా చెల్లెలొచ్చి తీసింది, అంతకుముందు ఫాదర్‌గారి వంటావిడ. వచ్చే ఏడు నువ్వు పడుకో, ఇవోనాకి నేను కబురు పెడతాను."