కుదుపు లేని బండి

"కొత్త ఇంజను కొన్నవాళ్లెవరైనా తుడిచి దాచుకుంటారు. మీరేమిటండీ, మసి పూస్తున్నారు?" అంది భార్య, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి.

"పూయకపోతే అది బొమ్మ. పూస్తే ఇంజను," అన్నాడాయన తలెత్తకుండా.

బుల్లి రైళ్లు నడిపేవాళ్ల క్లబ్బులో ఆయన్ని అందరూ బొగ్గు అంటారు. బల్లమీదున్న ఆవిరి ఇంజను ఆయన జానకు కాస్త ఎక్కువ, మూరకు బాగా తక్కువ. పొగగొట్టం అంచున మసి, చక్రాల పక్కన తుప్పు, వెనక తొట్టిలో నిజం బొగ్గునే నలిపి అంటించిన పలుకులు, డ్రైవరు కిటికీ కింద తెల్లగా 2217 అన్న నంబరు. వణికే చేతికి ఈ మసి పని భలే కుదిరింది. మసి తిన్నగా పోనక్కర్లేదు. తిన్నగా పోవాల్సింది బండి. చిక్కంతా అక్కడే.

పోయిన ప్రదర్శనలో కంట్రోలర్ మీద ఆయన చెయ్యి వణికింది. రైలు ప్లాట్‌ఫారం దాటి, బల్ల కూడా దాటి, ముందు కుర్చీలోని పెద్దమనిషి ఒడిలో దిగింది. అందుకని క్లబ్బు సెక్రటరీ ఇవాళ పరీక్ష పెట్టింది. తప్పితే ఆదివారం ప్రదర్శనలోనే కాదు, ఇక ఎప్పుడూ ఆయన కంట్రోలర్ పట్టకూడదు.

"పొద్దున్నే దాని పొట్ట ఎందుకు విప్పారు మళ్లీ?"

"కొత్త చిప్ పెట్టాను. పాతదాని కూత జలుబు చేసినట్టుండేది."

"కుదిరిందా?"

"చిప్ కుదిరింది. నువ్వే కుదురుగా లేవు. పద."

ఆమె కుదురుగా ఎలా ఉంటుంది? ఆ క్లబ్బు తలుపు మూసుకుంటే ఈయన మంచానికి అతుక్కుపోతాడని ఆమె బెంగ.

క్లబ్బు హాల్లో డీజిల్ అప్పటికే హాజరు. ఆయన డీజిల్ ఇంజన్లు తప్ప నడపడు, అందుకే ఆ పేరు. ఇద్దరికీ మొదట్నించీ పడదు. పడదు కాబట్టే ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుంటారు.

"వచ్చావా? పొగ తగ్గినా పొగరు తగ్గలేదురా నీకు," అన్నాడు డీజిల్, కోటు జేబుల్లో చేతులు దోపుకుని.

"నీ డీజిల్ కంపుకంటే నా పొగ నయం. పొద్దున్నే కొత్త చిప్ కూడా పెట్టాను. చేతులు బయటికి తియ్యి, జేబుదొంగ అనుకుంటారు."

"నా చేతులు నా జేబుల్లోనే ఉన్నాయిరా. నీ చేతుల సంగతి చూసుకో."

వెనక నిలబడ్డ బొగ్గు భార్య మొహం చిన్నబోయింది.

సెక్రటరీ ఒకప్పటి బడి హెడ్‌మిస్ట్రెస్. రైల్లో చివరి పెట్టె మీద చదరంగం బంటును నిలబెట్టి, "ఒక చుట్టు తిప్పాలి. సొరంగం ముందు కూత వెయ్యాలి. ప్లాట్‌ఫారం దగ్గర ఆపాలి. బంటు పడితే మీరు ఔటు," అంది.

ఆ క్లబ్బులో ప్రతివాడికీ అగ్గిపెట్టెకు పెద్దన్నయ్య లాంటి సొంత కంట్రోలర్ ఉంటుంది. తీగ ఉండదు. ఏ నంబరు నొక్కితే, చిప్‌లో ఆ నంబరున్న ఇంజనే మాట వింటుంది. బొగ్గు 2217 నొక్కి, మరను మెల్లగా తిప్పాడు. వేళ్లు వణుకుతున్నట్టు దూరానికే తెలుస్తోంది.

ఇంజను కదల్లేదు.

డీజిల్ పెద్దగా తుమ్మి, అటు తిరిగి రుమాలుతో చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తిరిగి జేబుల్లో చేతులు పెట్టుకుని, "ఏంట్రా, బొగ్గు వెయ్యడం మర్చిపోయావా?" అన్నాడు.

"ఆగరా! బరువు బండి చటుక్కున లేవదు. లేవాల్సినప్పుడు లేస్తుంది."

లేచింది. చుక్... చుక్... అని, పసిపిల్లను నిద్రలేపకుండా గది దాటుతున్న తల్లిలా కదిలింది. మలుపులో ఒరగలేదు. సొరంగం ముందు బొగ్గు కూత బటన్ నొక్కాడు. ఒక క్షణం ఆలస్యంగానైనా కంచు మోగినట్టు మోగింది. ప్లాట్‌ఫారం వచ్చింది. బొగ్గు మరను వెనక్కి తిప్పాడు. ఆయన భార్య కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి బండి ఆగి ఉంది. బంటు కనీసం తల కూడా ఊపలేదు.

"పాసయ్యారు. ఆదివారం మొదటి బండి మీదే," అంది సెక్రటరీ.

బొగ్గు ఛాతీ కోటు గుండీలకు పరీక్ష పెట్టింది. "చూశావుట్రా?"

"చూశాను. కూత లేటు."

"కూత లేటైతే ఏం, నీ ఏడుపు మాత్రం రైట్ టైముకి వచ్చింది!"

అందరూ నవ్వారు. డీజిల్ మాత్రం నవ్వలేదు. జేబుల్లో చేతులతో అలాగే నిలబడ్డాడు. బొగ్గు తన బండి ఎలా లేచిందో, ఎలా ఆగిందో చెప్పుకుంటూ అందరితో కలిసి టీ బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయన భార్య డీజిల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, ఇవాళ ఆయన చెయ్యి వణకలేదు కదూ?"

"వణికింది చెల్లెమ్మా. పోయినసారి కంటే ఎక్కువే."

"మరి కుదుపు లేకుండా ఎలా వచ్చింది?"

డీజిల్ టీ బల్ల వైపు ఒకసారి చూశాడు. "కొత్త చిప్ ఏదైనా ఫ్యాక్టరీ నుంచి మూడో నంబరుతోనే వస్తుంది. దాన్ని 2217గా మార్చడం వాడు మర్చిపోయాడు. వాడెంత తిప్పినా ఆ ఇంజనుకి వినబడదు."

ఆమెకు అర్థం కాలేదు. "అంటే?"

"అంటే," జేబులోంచి తన కంట్రోలర్ అంచు పైకి తీసి చూపించాడు డీజిల్, "ఆదివారం కూడా నేనే నడపాలి చెల్లెమ్మా."