పెరట్లో షెడ్డు

తమ్ముడు ఫోనులో షెడ్డు బొమ్మలు ఒక్కొక్కటే చూపించాడు. "పెరట్లో పాత సామానుకి వేయిస్తున్నానక్కా. ఏది బాగుందో నువ్వే చెప్పు."

తనను అడిగినందుకే అక్క మురిసిపోయింది. ముందు వసారా, రెండు కిటికీలు ఉన్నదాన్ని ఎంచింది. "సామానుకి కిటికీలెందుకులే" అని తనే నవ్వింది.

"ఉండనీ అక్కా, గాలాడుతుంది."

కాసేపటికి వాడు టేపు పట్టుకుని ఆమె గదిలోకి వచ్చి మంచం కొలవసాగాడు.

"నా మంచం ఎందుకురా?"

"నీ దగ్గుకి నీ మరదలికి నిద్ర పట్టట్లేదు. అక్కడైతే నీకూ ప్రశాంతంగా ఉంటుంది."

ఆ తేనెమాట వింటూ ఆమె వాడి చేతుల వైపు చూసింది. తన దుప్పటి మీద వాడి వేళ్లు బల్లిలా పాకుతున్నాయి.

"మీ మంచం కొలుచుకో నాన్నా," మెల్లగా అంది. "ఈ ఇల్లు నేను కట్టించుకున్నది. ఆ షెడ్డు మీ ఇద్దరికీ సరిపోతుంది."