మంచుకు ముందు పండే ద్రాక్ష

సింధునది గట్టున ఉన్న ఆ కుగ్రామంలో ద్రాక్షకు ఇద్దరు చక్రవర్తులు. ఒకడు మొరుప్. రెండవవాడు ఉండరాదని మొరుప్ అభిప్రాయం.

ఆ రెండవవాడు పక్కింటి స్తోబ్దన్.

తొలి మంచు పడేలోగా తీపెక్కేవి ఆ రెండిళ్ళ తీగలే. తక్కినవారి గుత్తులు పులుపుతోనే గడ్డకట్టేవి.

ఈ ఏడు స్తోబ్దన్ ద్రాక్ష ముందు పండింది. మొరుప్‌కు వెన్నటీ సైతం చేదయింది. స్తోబ్దన్ పెద్దరికం వహించిన ఊరి సమావేశానికి వెళ్ళడం తన సింహాసనానికి అవమానమని తలచి, ఇంట్లోనే కొలువు తీరాడు.

చలికి చావకుండా తీగలను పందిరి మీంచి దించి మట్టిలో కప్పే రోజుల్లో ఒక ముసలాయన గోనెసంచితో వచ్చాడు. నేరుగా స్తోబ్దన్ తోటలోకి వెళ్ళాడు. ఎంతకీ బయటికి రాలేదు. లోపల ఒకటే నవ్వులు.

మొరుప్ ప్రాణమంతా గోడకు అతుక్కుపోయింది.

చివరికి ముసలాయన ఇటు వచ్చి పలకరించాడు.

"జూలే, మొరుప్! అన్నిటికన్నా ముందు పండే నీ తీగ నుంచి కొమ్మొకటి ఇయ్యి నాయనా."

"స్తోబ్దన్ ఇచ్చింది చాల్లేదా పెద్దాయనా?"

"ఆయనదీ తీసుకున్నా. నీదీ కావాలి."

"రెండూ ఆయన పెరట్లోనే నాటేస్తారా ఏం?"

"అదేంటయ్యా, సమావేశంలో చెప్పారుగా..."

"ఆ సమావేశం ఊసు నా దగ్గర ఎత్తకండి!"

మేకల కొట్టం మీద ఒక తీగ ఉంది. దాని కాయలు ఏనాడూ పండి ఎరుగవు. మేకలే మూతి తిప్పుకొనేవి. మొరుప్ దాని కొమ్మ కోసి, రాజముద్రిక అప్పగించినంత వినయంగా అందించాడు.

"ఇదేనా మేలైంది?"

"మా తాత నాటిందండీ!"

ముసలాయన కొమ్మను గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఇక నాటుకోమను స్తోబ్దన్‌ని!" అన్నాడు మొరుప్ భార్యతో.

"పాపం, టీ అయినా పొయ్యలేదు నువ్వు," అంది దిస్కిత్.

ఆ చలికాలం దుప్పటిలా కప్పే మంచు కురవలేదు. పొడిచలి నేరుగా మట్టిలోకి దిగింది. వసంతంలో తవ్వి చూస్తే ఊళ్ళో ప్రతి తీగా నల్లబడి ఉంది.

మొరుప్ కన్నీళ్ళతోనే గోడ మీదుగా తొంగిచూశాడు. స్తోబ్దన్ తీగ కూడా చచ్చింది. ఆ క్షణాన అతడికి కలిగిన ఊరట వర్ణనాతీతం.

మర్నాడు ముసలాయన గాడిద మీద లేతమొక్కలతో దిగాడు. స్తోబ్దన్‌కు ఒకటిచ్చాడు. మొరుప్ చేతుల్లో ఒకటి పెట్టాడు.

"చూశావా మొరుప్ అన్నా," గోడ అవతల నుంచి స్తోబ్దన్ కేక, "మనిద్దరి తీగలూ బతికాయి!"

ఇలాంటి చలికి తీగలు చస్తే ఏ ఇంటి ద్రాక్షను ఆ ఇంటికే తిరిగి ఇచ్చేందుకు, దిగువ లోయలో తన వెచ్చని గోతిలో కొమ్మలు వేళ్ళూనేలా దాచిపెట్టమని ఊరంతా కలిసి బతిమాలి రప్పించుకున్న మనిషి ఆ ముసలాయన.