ఏడు రోజుల తూకం

“ఏం తల్లీ, మా మొగాలు సూస్తే పప్పు తినేవాళ్ల మాదిరి లేమా? తూచుకో, బాగా తూచుకో.”

సిద్ధమ్మ చేటను ముందుకు తోసింది. పంకజాక్షి అందులోని కందిపప్పును త్రాసులో పోసి, ఎన్ని ఔన్సులో పుస్తకంలో రాసుకుంది. యుద్ధం ముగిసినా రేషను ముగియని రోజులు. రేణిగుంటలో రైలుకట్ట పక్కనున్న ఆ ఆరిళ్లలో ఎవరేం తింటున్నారో వారం పాటు తూచి రాయడం ఆమె ఉద్యోగం. వండకముందే తూచాలి. ఆడవాళ్లు కట్టెలకు వెళ్లేలోగా ఆరిళ్లూ చుట్టి రావాలి.

పక్కింటి గంగులమ్మ గడపలో నిలబడి నవ్వింది.

“మా యింట్లో గూడా ఉండాదమ్మా పప్పు. నువ్వు నిదానంగా రా.”

సిద్ధమ్మ మనవరాలు తిరుమలమ్మ, నాలుగేళ్లది, గోడకు ఆనుకొని కూర్చుంది. నోటి మూలలు పగిలిపోయాయి. నాలుక ఎర్రగా పూసింది. సంగటి ముద్ద తగిలితే చాలు, ఏడుస్తోంది. ఆరిళ్ల పిల్లలందరివీ అవే నోళ్లు. పంకజాక్షికి పాలుపోలేదు. పాలూ పప్పూ కరువైన చోట కదా ఈ పూత రావాలి?

చిత్తూరులోని తమ సర్కారు ఆఫీసుకు పాలపొడి డబ్బాలు వచ్చాయని ఆమెకు తెలుసు. తిండి తక్కువైన వాడకే ఇస్తారు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పకూడదని ఆఫీసరు బాలసుబ్రమణ్యం గట్టిగా హెచ్చరించాడు.

“చెప్పినారో, ఉండేది కూడా దాచిపెడతారు. ఈ జనం సంగతి మీకు తెలీదు.”

ఏడు రోజులూ ఆమె చెప్పలేదు. ఏడు రోజులూ ప్రతి ఇంట్లో చేట నిండా పప్పు ఎదురొచ్చింది.

“అన్ని ఇళ్లలోనూ తూకం ఇంచుమించు ఒకటే వస్తోందే?” అని ఒకనాడు అడిగింది.

“కొలిచే గిన్నె ఒకటే గదమ్మా మాకు” అంది గంగులమ్మ తడుముకోకుండా.

ఎనిమిదో రోజు పంకజాక్షి పుస్తకం పట్టుకొని చిత్తూరు వెళ్లింది.

“సార్, ఒక్కసారి వచ్చి ఆ పిల్లల నోళ్లు చూడండి.”

“నోళ్లు కాదమ్మా, అంకెలు చూడాల. పప్పు నిండుగా ఉంది. డబ్బాలు ఇంకో ఊరికి పంపిస్తాము.”

అంకెలన్నీ తన చేతిరాతే. వాటిలో ఏది తప్పని చెప్పగలదు? పుస్తకం మూసుకొని వచ్చేసింది.

మర్నాడు ఉండబట్టలేక రేణిగుంటలో దిగింది.

“పిల్లలకు పాలు ఇప్పిద్దామనుకున్నాను, అవ్వా. మీ ఇళ్లలో పప్పు బాగా ఉందని... ఇవ్వరంట.”

సిద్ధమ్మ గంగులమ్మ వైపు చూసింది. గంగులమ్మ తల వంచుకుంది.

“ముందే ఒక మాట అనుంటే ఏం పోయె తల్లీ?” అంది సిద్ధమ్మ.

“అనకూడదన్నారు, అవ్వా.”

“సర్కారు పిల్ల గడప తొక్కితే ఉట్టి సంగటి సూపించేదెట్లా అనుకుంటిమే...” ముసలామె పంకజాక్షి చెయ్యి పట్టుకుంది. “మళ్లా తూచేదానికి రావా?”

“రాను. తూకాలు అయిపోయినాయి.”

సిద్ధమ్మ మనవరాలి నోటి వంక చూసింది. తర్వాత లేచి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“గంగులూ, ఇంక ఆ ఒక్క చేట పప్పును ఆరిళ్లకీ పంచెయ్.”