చుక్క మందు, చిక్కు ముడి

"ఆవుకి జీన్సేటి బాబూ? మా ఊళ్లో మగోళ్లకే పేంట్లు లేవు!"

కూర్మయ్య మాటకి అతని పెరట్లో చేరిన వీధంతా గొల్లుమంది. నవ్వనివాళ్లు ఇద్దరే. పలాస నుంచి వచ్చిన పశువుల డాక్టరు షాలేమ్ రాజు ఒకడు, పక్కింటి జెకర్యా ఒకడు. గట్టు మీది జీడిచెట్టు తగవులో మాటలు మానేసినవాడు కూర్మయ్య జోకుకి నవ్వితే, చెట్టు వదులుకున్నట్టే గదా!

"ఆ జీన్స్ కాదయ్యా. జ్వరాలతో పోరాడే జీన్స్, రక్తంలో ఉంటాయి. నిద్రపోతున్నవాటిని ఈ మందు లేపుతుంది. గొంతు దిగక్కర్లేదు, నోరు తడిస్తే చాలు. నీ ఆవుకిచ్చిన సీసాలో మందు. పోల్చి చూడ్డానికి జెకర్యా సీసాలో ఉత్త నీళ్లు. తీరా రక్తం చూస్తే రెండావుల్లోనూ లేచి కూచున్నాయి! ఎవరో మందు దొంగిలించారు. ఎవరో తేలకపోతే ఈ ఊరికి మందు బంద్."

కూర్మయ్యకి నవ్వు చచ్చింది. ఊరి చుట్టూ పశువుల జ్వరం. తన ఆవు చూస్తే నిండు చూలు.

"ఇంకెవులు బాబూ? పొరుగింటి పుల్లకూర రుచంటారు, పొరుగింటి సీసా ఇంకా రుచి!"

జెకర్యా లేచాడు. "బైబిలు మీద సెయ్యేత్తాను. నీ సీసా నానెప్పుడూ సూడనేదు!"

"సీసా ఎక్కడుంచేవాడివి?" డాక్టరు కూర్మయ్యని అడిగాడు.

"నా మొలలోనే బాబూ. తెల్లారగట్ల నా సేత్తోనే సుక్కలేసీవోడిని. తరవాత మా ఆడది ఆవుని తోటలోకి నడిపించుకొచ్చీది. సూలావు నడవాల గదా."

"నడిచొచ్చిన ఆవు మూతికి తవుడెందుకు అంటుకుంది?"

డాక్టరు గుంజకి కట్టిన ఆవు మూతి మీద వేలు పెట్టి చూపించాడు. కూర్మయ్య తన పెరట్లోని కుడితి తొట్టి వైపు చూశాడు. ఎండిపోయిన తొట్టిలో గడ్డి పరుచుకుని కోడిపెట్ట ఒకటి గుడ్లు పొదుగుతోంది. ఇన్నాళ్లూ తనకి కోడి కనబడింది గానీ, తొట్టి కనబళ్లేదు.

"ఏటే కామేశ్వరీ? మన ఆవు కుడితెక్కడ తాగుతంది?"

కామేశ్వరి కంచె వైపు చూసింది. కంచె అవతల జెకర్యా పెళ్లాం రెబెక్కా చెంగు నోట్లో కుక్కుకుంది.

"నిజం సెప్పకపోతే మందు పోద్ది, సెప్తే నా పరువు పోద్ది," అని గొణిగి, కామేశ్వరి డాక్టరు వైపు తిరిగింది.

"మాటల్లేంది మగోళ్లిద్దరికే బాబూ, రెండావులూ రెబెక్కా తొట్టిలోనే మూతీ మూతీ కలిపి తాగుతన్నాయి."