ఎడమ మోకాలు

బేతంచెర్ల కబడ్డీ పోటీలో విరామం. మద్దిలేటి మోకాలికి పట్టీ చుట్టుకుంటుంటే అవతలి జట్టు ఓబుళేశు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇందాక మద్దిలేటి జట్టు రైడర్ కాలు విరగ్గొట్టింది అతనే. అందుకు బదులు తీర్చుకోమని ఇప్పుడు మద్దిలేటిని దించుతున్నారు. అతన్ని జట్టులో పెట్టుకున్నదే ఆ పనికి.

"ఒగ మాటప్పా. కొడ్తే ఎడమ మోకాలు కొట్టు. కుడిది పోయినేడాది ఇరిగిండాది. ఇంగోసారి ఇరిగితే నడ్సలేను."

మద్దిలేటి చెయ్యి ఆగింది.

"నేను కొట్టనులేప్పా. జారినట్ల పడిపోతా."

ఓబుళేశు నవ్వాడు.

"పోయినేడాది కోడుమూరులో నేనూ ఒగనికి ఇదే మాట చెప్పి ఇడ్సిపెట్టినా. కుమ్మక్కయినామని మావోళ్లే నా కుడికాలు ఇరగ్గొట్నారు."

కోర్టు దగ్గర నుంచి మద్దిలేటి కెప్టెన్ అరిచాడు. "అది పట్టీనా, పెండ్లికొడుకు తలరుమాలా? ఎంతసేపు చుడ్తావప్పా, రా!"

ఓబుళేశు కుంటుతూ తన వైపుకు వెళ్లిపోయాడు.

మద్దిలేటి ముడి బిగించి లేచాడు. ఎదురుగా నిలబడితే ఓబుళేశు ఎడమకాలు తనకు కుడివైపున ఉంటుంది. కొట్టాలా వద్దా అన్నది అప్పటికే మనసులోంచి పోయింది. దెబ్బ తప్పి కుడికాలికి తగలకూడదన్న భయం ఒక్కటే మిగిలింది.